యోకెబెదు పుచ్చుకొనిన జీతము

పాఠము: నిర్గమకాండము 2:1–10

1891లో ఆరంభమైన రాష్ట్ర కేంద్ర గ్రంథాలయము నేడు హైదరాబాదు అఫ్జల్‌గంజ్‌లో నున్నది. అచ్చట పత్రికలు తిరగవేయుడి. ప్రకటనలలోని తల్లి నవ్వుచునే యుండును, ఎన్నడును అలసిపోదు. మన తల్లులో? బిడ్డను చెట్టుకొమ్మకు చీర ఉయ్యాలలో వేసి నాట్లు వేయుదురు. "ఆ బిడ్డ గతి యేమి?" అని ఆమెనే అడుగుదుము. (తండ్రిని అడుగువారు లేరు!)

యోకెబెదు తన బిడ్డకే పాలిచ్చి, ఫరో కుమార్తెయొద్ద జీతము పుచ్చుకొనెను. లేఖనము ఆమెను నిందింపలేదు. మన దేశమున 1961లో ప్రసూతి ప్రయోజన చట్టము వచ్చెను. 2017 సవరణ జీతముతోడి సెలవును, మొదటి ఇద్దరు బిడ్డల విషయమున, 12 వారములనుండి 26 వారములకు పెంచెను. పొలములో దినకూలి చేయు తల్లికి ఆ సెలవు అందలేదు.

మీ సంఘములో బాలెంత యెవరు? కాన్పైన ఎన్నాళ్లకు ఆమె తిరిగి కూలికి పోయెను? స్త్రీల కూటములో విచారించుడి.