శాసనసభలో మన గొంతు – జె. ఈశ్వరీబాయి

నాయకులు అనగానే మనకు ఢిల్లీ గుర్తుకొస్తుంది. కాని మన పళ్ళెంలో అన్నం సంగతి తేల్చేది రాష్ట్ర ప్రభుత్వమే. 8 నుంచి 10 తరగతుల హాస్టల్ విద్యార్థుల మెస్ ఛార్జీలు 2024లో నెలకు 1,100 నుంచి 1,540 రూపాయలకు పెరిగింది ఆ ప్రభుత్వ నిర్ణయంతోనే. బోధన్ శక్కర్‌నగర్ చక్కెర ఫ్యాక్టరీలో ఎక్కువ వాటా 2002లో ప్రైవేటుకు పోయింది కూడా రాష్ట్ర ప్రభుత్వ నిర్ణయంతోనే. 2015 డిసెంబరులో ఆ ఫ్యాక్టరీ మూతపడింది. కాబట్టి శాసనసభలో పేదల తరఫున అడిగేవారు ఉండాలి. అలా అడిగిన మన జిల్లా ఎమ్మెల్యే గురించి తెలుసుకుందాం.

టీచర్ నుంచి కౌన్సిలర్

ఈశ్వరీబాయి 1918 డిసెంబర్ 1న సికింద్రాబాద్ చిలకలగూడలో ఒక దళిత కుటుంబంలో పుట్టారు. కూతురిని పెంచుకుంటూ టీచరుగా పనిచేశారు. 1950 దశకంలో చిలకలగూడ నుంచి కౌన్సిలర్‌గా గెలిచారు. అంబేద్కర్ గారి షెడ్యూల్డ్ కులాల ఫెడరేషన్‌లోనూ, దాని స్థానంలో 1957లో ఏర్పడిన రిపబ్లికన్ పార్టీలోనూ పనిచేశారు.

ఎల్లారెడ్డి ఎమ్మెల్యే

ఎల్లారెడ్డి అప్పుడు నిజామాబాద్ జిల్లాలోని ఎస్సీ రిజర్వుడు స్థానం. 2016 నుంచి అది కామారెడ్డి జిల్లాలో ఉంది. 1967లో ఈశ్వరీబాయి అక్కడ రిపబ్లికన్ పార్టీ తరఫున నిలబడి కాంగ్రెస్ నాయకురాలు టి.ఎన్. సదాలక్ష్మిని ఓడించారు. సదాలక్ష్మి అప్పటికే డిప్యూటీ స్పీకరుగా పనిచేసినవారు. ఇద్దరూ దళిత మహిళలే కావడం మనకు గర్వకారణం.

1968లో కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకుణ్ణి సజీవ దహనం చేసినప్పుడు ఆమె సభలో ప్రభుత్వాన్ని నిలదీశారు. 1969 తెలంగాణ ఉద్యమంలో పాల్గొని జైలుకు వెళ్ళారు. 1971లో తెలంగాణ ప్రజాసమితి కాంగ్రెస్‌లో కలిసిపోయింది. అయినా 1972లో ఎల్లారెడ్డి ప్రజలు ఆమెను మళ్ళీ గెలిపించారు. ఏనాడూ మంత్రి పదవి లేకుండానే ఆమె పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1991లో కన్నుమూశారు.

అదే సంవత్సరం కెనడాలో

మన రాష్ట్రం వంటిదాన్ని కెనడాలో ప్రావిన్స్ అంటారు. జమైకాలో పుట్టిన రోజ్‌మేరీ బ్రౌన్ 1972లోనే బ్రిటిష్ కొలంబియా ప్రావిన్స్ శాసనసభకు ఎన్నికయ్యారు. కెనడాలో ఏ ప్రావిన్స్ శాసనసభకైనా ఎన్నికైన మొదటి నల్లజాతి మహిళ ఆమే. పాఠ్యపుస్తకాల్లో స్త్రీలను తక్కువ చేసే రాతలు తొలగించడానికి కృషి చేశారు. 1986 వరకు సభలో ఉన్నారు.

ఒకరిది కులం బాధ, ఇంకొకరిది రంగు బాధ. కాని ఇద్దరూ చేసిన పని ఒక్కటే. తమవాళ్ళ బాధను ప్రభుత్వం ముందు నిలబడి చెప్పారు.

గుర్తుంచుకోవలసినవి

1. శాసనసభల్లో ఎస్సీ, ఎస్టీలకు స్థానాలు కేటాయించేది రాజ్యాంగం 332వ అధికరణ.
2. బలహీన వర్గాల చదువును ప్రత్యేక శ్రద్ధతో ప్రోత్సహించాలని చెప్పేది 46వ అధికరణ.
3. రిజర్వేషన్ సీటు ఇస్తుంది. ఆ సీట్లో కూర్చుని నోరు విప్పే ధైర్యం మనమే తెచ్చుకోవాలి.

మిత్రులారా! మనలో రేపు సర్పంచ్ అయ్యేవారు, ఎమ్మెల్యే అయ్యేవారు తప్పక ఉంటారు. వారు హాస్టల్ పిల్లల పళ్ళేన్ని మరచిపోకూడదని మా కోరిక. జై భీమ్!