ట్యాంకులకు ఎదురుగా జపమాల



అన్యాయాన్ని భరించలేక ప్రజలు తిరగబడటం చరిత్రలో కొత్త కాదు. 1381లో ఇంగ్లాండు రైతులు, 1525లో జర్మనీ రైతులు, 1789లో పారిస్ ప్రజలు అలాగే లేచారు. ఆకలి, అవమానం, మోయలేని పన్నులు వారిని కదిలించాయి. రైతుల తిరుగుబాట్లను పాలకులు నెత్తుటిలో ముంచి అణచివేశారు. పారిస్‌లో గెలిచిన విప్లవమే కొన్నేళ్లకు వేలాదిమందిని బలిగొన్నది.

అయితే అన్యాయం జరుగుతుంటే క్రైస్తవులు చేతులు కట్టుకొని చూడాలా? లేక ఆయుధం పట్టాలా? ఆరవ పౌలు జగద్గురువులు 1967లో వెలువరించిన 'పోపులోరుమ్ ప్రోగ్రెసియో' లేఖలో ఈ విషయం ప్రస్తావించారు. దీర్ఘకాలపు నిరంకుశత్వం ప్రజల ప్రాథమిక హక్కులను కాలరాసే సందర్భం తప్ప, విప్లవాలు కొత్త అన్యాయాలకు దారి తీస్తాయని హెచ్చరించారు. అటువంటి నిరంకుశత్వాన్ని సైతం కత్తి పట్టకుండా ఎదిరించవచ్చునని 1986లో ఫిలిప్పీన్స్ ప్రజలు చూపించారు.

ఆ దేశంలో అత్యధికులు కతోలికులు. అధ్యక్షుడు ఫెర్డినాండ్ మార్కోస్ 1972లో మార్షల్ లా విధించి, వేలాదిమందిని చెరసాలల్లో పెట్టించాడు. ప్రతిపక్ష నాయకుడు బెనిగ్నో అక్వినో 1983 ఆగస్టు 21న స్వదేశానికి తిరిగి రాగా, మనీలా విమానాశ్రయంలోనే ఆయనను కాల్చి చంపారు. 1986 ఫిబ్రవరి 7న జరిగిన ఎన్నికల్లో ఆయన భార్య కొరజాన్ అక్వినో మార్కోస్‌పై పోటీ చేశారు.

ఓట్ల లెక్కింపులో మోసం జరిగింది. కంప్యూటర్ల వద్ద పనిచేసే 30 మందికి పైగా ఉద్యోగులు అంకెలు తారుమారు కావడం చూసి, పని వదలి బయటికి నడిచారు. బక్లరాన్ దేవాలయం వారికి ఆశ్రయమిచ్చింది. మోసంతో దక్కిన అధికారానికి నైతిక బలం లేదని పీఠాధిపతులు బహిరంగంగా ప్రకటించి, అహింసా మార్గంలో పోరాడమని విశ్వాసులను కోరారు.

ఫిబ్రవరి 22న రక్షణ మంత్రి ఎన్రిలే, సైన్యాధికారి రామోస్ మార్కోస్‌పై తిరగబడి సైనిక శిబిరాల్లో తలదాచుకున్నారు. వారిని కాపాడమని కార్డినల్ జైమే సిన్ రేడియో వెరితాస్ ద్వారా ప్రజలను పిలిచారు. లక్షలాదిమంది అన్నం మూటలతో, పిల్లాపాపలతో ఎడ్సా రహదారికి తరలివచ్చారు. మరునాడు ట్యాంకులు వచ్చాయి. మఠకన్యలు జపమాలలు పట్టుకొని వాటి ముందు మోకరిల్లారు. స్త్రీలు సైనికులకు పూలు, తినుబండారాలు అందించారు. ఆ సైనికులు కాల్పులు జరపలేదు. ఫిబ్రవరి 25న మార్కోస్ దేశం విడిచి పోయాడు.

ఇది నాలుగు రోజుల్లో పుట్టిన ధైర్యమని భ్రమపడకండి. 1984 నుండే జీన్ గాస్, హిల్డెగార్డ్ గాస్-మేయర్ దంపతులు అక్కడి గురువులకు, మఠకన్యలకు, సామాన్యులకు అహింసలో శిక్షణ ఇచ్చారు. ఎన్నికల నాడు స్వచ్ఛంద సేవకులు ప్రాణాలకు తెగించి బ్యాలెట్ పెట్టెలకు కాపలా కాశారు. రహదారి మీద కనిపించిన ఓర్పు వెనుక ఇంత సాధన ఉంది.

అలాగని అంతటితో న్యాయరాజ్యం వచ్చేయలేదు. 1987 జనవరి 22న భూమి కోసం ఊరేగింపుగా వచ్చిన రైతులపై కొత్త ప్రభుత్వపు బలగాలే కాల్పులు జరిపాయి. 10 మందికి పైగా నేలకొరిగారు. 2022లో మార్కోస్ కుమారుడే అధ్యక్షుడిగా ఎన్నికయ్యాడు. పాలకుణ్ణి దించడం నాలుగు రోజుల పని కావచ్చు. పేదవాడికి న్యాయం దక్కేలా చూడటం మాత్రం తరతరాలుగా సాగవలసిన పని. పెద్దలు చెప్పకపోతే పిల్లలు మరచిపోతారు.

ఈ వారం కుటుంబ ప్రార్థన తరువాత అందరూ కలిసి ఆలోచించండి:

1. తప్పుడు లెక్క రాయమని పైవారు ఒత్తిడి చేస్తే, ఆ కంప్యూటర్ ఉద్యోగుల వలె మనం లేచి రాగలమా?

2. ఓటుకు డబ్బు తీసుకునే ఇంట్లో పిల్లలు న్యాయం గురించి ఏమి నేర్చుకుంటారు?

3. మన విచారణలో అన్యాయానికి గురైనవారు ఎవరు? వారి పక్షాన మనం ఎన్నడైనా నిలబడ్డామా?