మాడని బొమ్మ

కాకినాడ,
ఆదివారం సాయంత్రం.

చిరంజీవి కిట్టుకు,

నీ క్షేమం మొన్న ఫోన్లో నీ గొంతు వినగానే తెలిసింది. కొత్త ఎక్స్‌రే ఉద్యోగం కబుర్లన్నీ ముచ్చటగా ఉన్నాయి గాని, చివర్లో ఒక మాటన్నావు: "మీ రోజుల్లోలా కాదత్తా, ఎక్స్‌పోజర్ కాస్త అటూ ఇటూ అయినా బొమ్మ బాగానే వస్తుంది." ఆ మాట నాకు గుచ్చుకుంది. ఫోన్లో చెబితే ముసలిదాని చాదస్తం అనుకుంటావని కాగితం పట్టాను.

నేను 1984లో డార్క్‌రూమ్ అసిస్టెంటుగా చేరాను. ఎర్ర బల్బు గుడ్డి వెలుతురులో క్యాసెట్ తెరిచి, ఫిల్మును హ్యాంగరుకు బిగించి, డెవలపరు ట్యాంకులో ముంచేదాన్ని. డెవలపరు 20 డిగ్రీల వేడిలో ఉంటే అయిదు నిమిషాలు. మన కోస్తాలో మే నెలలో 20 డిగ్రీలు ఎక్కడ్నించి వస్తాయి? ట్యాంకు చుట్టూ ఐసుగడ్డలు పేర్చేవాళ్లం. తర్వాత నీళ్లు, ఫిక్సరు, మళ్లీ నీళ్లు, ఆరబెట్టడం. కిరణాలు సోకిన చోట వెండి రేణువులు నల్లబడతాయి, సోకని చోట ఉన్నవాటిని ఫిక్సరు కడిగేస్తుంది. ఊపిరితిత్తి నల్లగా, ఎముక తెల్లగా కనిపించడం వెనకున్న కథంతా ఇదే.

ఎక్స్‌పోజర్ రెట్టింపయిందా, ఫిల్ము మాడిన అట్టులా లేచేది. సగమయిందా, సున్నం కొట్టిన గోడ. తడి ఆరకముందే లైటు ముందు పట్టుకుంటే నా తప్పు నాకూ, రేడియాలజిస్టు గారికీ, స్టోర్సులో ఫిల్ముల లెక్క రాసే గుమాస్తాకీ ఒకేసారి తెలిసిపోయేది. ఫిల్ము పాతకాలపు పంతులు లాంటిది. తప్పు చేసిన అయిదు నిమిషాలకే చెవి మెలేసేది.

నీ ముందున్న డిజిటల్ ఎక్స్‌రే (డీఆర్) ప్యానెల్‌కు ఆ అలవాటు లేదు. పైనున్న సీజియం అయొడైడు పొర ఎక్స్‌రేని వెలుతురు చేస్తుంది, కింది సిలికాన్ పొర ఆ వెలుతురును కరెంటు చేస్తుంది, కంప్యూటరు దాన్ని అంకెలుగా తీసుకుని కంటికి నచ్చేలా నలుపూ తెలుపూ సర్ది తెర మీద పెడుతుంది. కిరణాలు బాగా తక్కువైతే ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంటుంది. ఎక్కువైతే? బొమ్మ ఇంకా నున్నగా, ఇంకా అందంగా వస్తుంది. గరుకు బొమ్మ చూసి డాక్టరు గారు కసురుకుంటారు. నున్నటి బొమ్మ చూసి ఎవరూ ఏమీ అనరు. దాంతో మన చెయ్యి మనకు తెలియకుండానే పైకి జరుగుతుంది. ఇవాళ కాస్త, వచ్చే నెల ఇంకాస్త. దీన్నే మనవాళ్లు డోస్ క్రీప్ అంటారు. అప్పట్లో ఎక్కువ పోస్తే ఫిల్ము పాడయ్యేది. ఇప్పుడు పాడయ్యే వస్తువే లేదు. ఆ ఎక్కువంతా బల్ల మీద పడుకున్న మనిషి ఖాతాలో పడుతుంది, అది ఆ మనిషికీ తెలియదు.

మరి తెలుసుకోవడం ఎలా అంటావా? ప్రతి బొమ్మ పక్కనా కన్సోల్ మీద ఎక్స్‌పోజర్ ఇండెక్స్, దాని పక్కన డీవియేషన్ ఇండెక్స్ అని రెండు అంకెలు ఉంటాయి. నువ్వు చూడాల్సింది రెండోది. సున్నా వస్తే అనుకున్నంతే అందింది. ప్లస్ 3 వస్తే అనుకున్నదానికి రెట్టింపు, మైనస్ 3 వస్తే సగం. ఒక్క జాగ్రత్త: అది ప్యానెల్‌కు అందిన లెక్కే గాని రోగికి పడిన డోసు కాదు. లావుపాటి మనిషి ఛాతీ దాటి ప్యానెల్‌కు సరిగ్గా అందేసరికి ఆయన ఒంట్లో ఆగిపోయింది చాలా ఉంటుంది. కాబట్టి ఒంటి మందం చూసి కేవీ (కిరణాలు చొచ్చుకుపోయే శక్తి), ఎంఏఎస్ (కిరణాల మోతాదు) నువ్వే ఎంచుకో. గోడకు చార్టు అంటించుకో. చంటిపిల్లలకు వేరే చార్టు.

ఇదంతా చదివి అత్త ఫిల్మును వెనకేసుకొస్తోందనుకోకు. నీ యంత్రానికి నేను దణ్ణం పెడతాను. ఒకే ఎక్స్‌పోజర్‌లో అటు పక్కటెముకా ఇటు ఊపిరితిత్తీ చూడగలగడం మాకు కలలో కూడా లేదు. వానాకాలంలో ఫిల్ములు ఒకదానికొకటి అంటుకుపోవడం, పోయినేడాది తీసింది దొరక్క డాక్టరు గారు తల పట్టుకోవడం నీకు తెలియని బాధలు. సన్నని గీతల్ని విడదీసి చూపడంలో మంచి ఫిల్ముదే పైచెయ్యి, అయినా జబ్బు కనిపెట్టడానికి అదొక్కటే చాలదు. అమెరికా, కెనడాల్లో 49,528 మంది ఆడవాళ్లను చేర్చుకుని, ఒక్కొక్కరికీ ఫిల్ము మామోగ్రామూ డిజిటల్ మామోగ్రామూ రెండూ తీసి పోల్చారు. 2005లో ఫలితాలు వచ్చాయి. మొత్తం మీద చూస్తే రెండూ సమానమే. అయితే 50 ఏళ్లలోపు వాళ్లలోనూ, రొమ్ము కణజాలం దట్టంగా ఉన్నవాళ్లలోనూ డిజిటలే మెరుగ్గా పట్టుకుంది. దట్టమైన చోట ఫిల్ము అంతా తెల్లగా ముద్దయిపోతుంది. తెలుపులో తెలుపును విడదీయాలంటే అంకెలతో ఆడుకోగల యంత్రమే కావాలి.

ఇక నా తప్పు ఒకటి చెబుతాను. ఓ రోజు హడావిడిలో క్యాసెట్ మీద ఎడమవైపు గుర్తుగా సీసపు ఎల్ అక్షరం పెట్టడం మరిచాను. ఛాతీలో నీరు చేరిన పెద్దాయన. ఫిల్మును ఎవరో తిరగేసి వ్యూబాక్సుకు తగిలించారు. నీరు తియ్యడానికి సూది సిద్ధం చేసుకున్న డాక్టరు గారు అలవాటుకొద్దీ ముందు వీపు మీద వేళ్లతో తట్టి చూశారు. నీరుండాల్సిన వైపు డొల్లగా మోగింది! ఆయన నన్ను పిలిచి తిట్టలేదు. ఫిల్మును ఒకసారి ఇటూ, ఒకసారి అటూ తిప్పి చూపించారు, అంతే. ఆ రాత్రి నాకు నిద్ర లేదు. నీకు తెర మీద మౌసుతో ఎల్ పెట్టే వీలుంది, బొమ్మను ఒక్క నొక్కుతో తిప్పే వీలూ ఉంది. అందుకే చెబుతున్నా: సీసపు అక్షరం ప్యానెల్ మీద పెట్టాకే మీట నొక్కు. తర్వాత గుర్తుచేసుకుని పెట్టే అక్షరం జ్ఞాపకం మాత్రమే, సాక్ష్యం కాదు.

కోత సంగతీ అంతే. పిల్లాడి మణికట్టు తియ్యమంటే మోచేయి దాకా కిరణాలు తెరిచి, తర్వాత తెర మీద నీటుగా కత్తిరిస్తే చూసేవాళ్లకు నీ పనితనం బాగుంటుంది. మోచేతికి పడింది మాత్రం కత్తిరింపుతో పోదు. కిరణాల వెడల్పును కుదించే కోలిమేటర్ ముందే మూసుకో. పొజిషన్ కుదరక మళ్లీ తీస్తే మొదటిది డిలీట్ చేసి చేతులు దులుపుకోకు. మాకు చెత్తబుట్టలో ఫిల్ములు లెక్క చెప్పేవి. నీకు చెత్తబుట్ట లేదు గనక ఒక నోటుపుస్తకం పెట్టుకో: తేదీ, ఏ భాగం, ఎందుకు పోయింది.

ఇంకొకటి. తెర మీది బొమ్మను ఫోన్లో ఫోటో తీసి వాట్సాప్‌లో పంపమని వార్డు నుంచి అడుగుతారు. అసలు బొమ్మలో సాధారణంగా 4,096 బూడిద ఛాయలు ఉంటాయి, ఫోను ఫోటోలో మిగిలేవి 256. ఊపిరితిత్తి పక్కన గాలి చేరినప్పుడు కనిపించే వెంట్రుకలాంటి గీత ఆ మధ్యలోనే మాయమైపోవచ్చు. తొందరైతే పంపు, కాని "అసలు బొమ్మ మానిటర్ మీద చూడండి సార్" అని చెప్పడం మరవకు.

వచ్చే ఆదివారం నీకు డ్యూటీ లేదని వదిన చెప్పింది. వారం రోజుల ఛాతీ బొమ్మల డీవియేషన్ అంకెలన్నీ ఆ నోటుపుస్తకంలో రాసుకుని ఇక్కడికి రా. సున్నాకు అటు ఎన్నున్నాయో ఇటు ఎన్నున్నాయో ఇద్దరం కూర్చుని లెక్కపెడదాం. ప్లస్ వైపు ఎక్కువుంటే నీ చెవి మెలెయ్యడానికి నేనింకా బతికే ఉన్నాను. నీకిష్టమని మామిడికాయ పప్పు వండుతాను.

అన్నయ్యనూ వదిననూ అడిగానని చెప్పు.

ఇట్లు,
మీ అత్త