వరుసలో చివరి పిల్లకూ అన్నే బంతులు

కదిరికీ ధర్మవరానికీ మధ్య ఉన్న ముదిగుబ్బ చుట్టుపక్కల హైస్కూళ్ళలో వ్యాయామ ఉపాధ్యాయుడిగా పనిచేసి రిటైరయ్యాను. సాయంత్రమైతే ఇప్పటికీ గ్రౌండుకు పోయి ఆడపిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పుతాను. కొత్తగా ఉద్యోగంలో చేరిన పీఈటీలు వచ్చి, ‘సార్, దాతలెవరో బంతులు వేసే పిచింగ్ మెషిన్ ఇప్పిస్తామంటున్నారు. తీసుకోమంటారా?’ అని అడుగుతుంటారు. తప్పకుండా తీసుకోండి. అయితే దాన్ని ఎట్లా వాడితే పిల్లలకు మేలు జరుగుతుందో నా అనుభవంలో తేలిన సంగతులు కొన్ని ఉన్నాయి. వాటిని వరుసగా రాస్తున్నాను.

1. మెషిన్ ఎవరి కోసమో ముందు తేల్చుకోండి.

మన స్కూలు టీముల్లో చెయ్యి పూర్తిగా తిప్పి, నడుము కింద నుంచి వేగంగా బంతి వేయగలిగిన పిల్ల ఒక్కతే ఉంటుంది. టీమంతటికీ రోజూ ఆమే బంతులు వేస్తే జిల్లా పోటీల నాటికి భుజం నొప్పితో కూర్చుంటుంది. ఆమె అలసిపోకుండా చూడాలని బంతులు తగ్గిస్తే, ఉన్న ఆ కొన్నీ బాగా కొట్టే ముగ్గురు నలుగురికే పోతాయి. మిగతా పిల్లలు అవతల నిలబడి బంతులు ఏరిస్తూ ఏడాది గడిపేస్తారు. మెషిన్ ఈ రెండు అన్యాయాలనూ సరిచేయగలదు. మన దగ్గర ఒకే బోరు కింద ఉన్న రైతులు వంతులేసుకుని నీళ్ళు పారించుకున్నట్టు బంతులనూ వంతులేయాలి. ఒక నోటుబుక్కు పెట్టి, ఎవరికి ఎన్ని బంతులు పడ్డాయో ఒక పిల్ల చేతనే రాయించండి. వారం చివర లెక్క చూస్తే ఎవరికి అన్యాయం జరిగిందో మీకే తెలుస్తుంది.

2. వేగం చూసి మురిసిపోకండి, సమయం లెక్క వేయండి.

మహిళల సాఫ్ట్‌బాల్‌లో బంతి వేసే పిచర్ నిలబడే పిచింగ్ ప్లేట్ నుంచి బ్యాటర్ ముందుండే హోమ్ ప్లేట్ దాకా 43 అడుగులు, అంటే 13.11 మీటర్లు. పిచర్ ముందుకు అడుగేసి బంతి వదులుతుంది కాబట్టి బంతి నిజంగా ప్రయాణించే దూరం 11 మీటర్ల చిల్లరే. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే బంతి ఆ 11 మీటర్లను సుమారు 0.44 సెకన్లలో దాటుతుంది. మెషిన్‌ను సరిగ్గా 43 అడుగుల గీత మీద పెట్టి అదే వేగం ఇస్తే 0.52 సెకన్లు పడుతుంది. ఆ ఎక్కువ సమయానికి అలవాటుపడిన పిల్ల మ్యాచ్‌లో ప్రతి బంతికీ ఆలస్యమవుతుంది. అందుకే మెషిన్‌ను గీతకు రెండు మీటర్లు ముందుకు జరపండి. కొత్త పిల్లలకైతే వేగం సగానికి తగ్గించండి. బంతి బ్యాటు మధ్యలో తగలడం మొదలయ్యాకే కొద్దికొద్దిగా పెంచండి. పది బంతుల్లో ఆరేడు గట్టిగా తగలకపోతే ఆ వేగం ఆ పిల్లకు ఇంకా తగదని అర్థం.

3. అన్నీ ఒకే రకం బంతులు వాడండి.

ఈ మెషిన్లలో ఎక్కువ భాగం తిరిగే చక్రాల మధ్య బంతిని నొక్కి విసురుతాయి. కొత్త తోలు బంతి, కుట్లు లేచిన బంతి, తడిసిన బంతి కలిపి వేస్తే ఒకటి మోకాళ్ళ దగ్గరికి, ఇంకొకటి మొహం మీదికి వస్తుంది. మెషిన్ల కోసమే చేసే గుంటలు గుంటలుగా ఉన్న బంతులు దొరికితే మంచిది. దొరకకపోతే ఒకే వయసు బంతులను వేరుగా తీసి పెట్టుకోండి. మన ఎర్రమట్టి దుమ్ము చక్రాలకు పట్టుకుంటే పట్టు తగ్గి బంతి జారుతుంది. కాబట్టి రోజూ మొదలుపెట్టే ముందు, మెషిన్ ఆపి ఉన్నప్పుడే, చక్రాలను పొడిగుడ్డతో తుడవండి. మెషిన్‌ను కొంచెం కదిపినా సరే, బ్యాటర్‌ను నిలబెట్టకుండా నాలుగైదు బంతులు వదిలి ఎక్కడ పడుతున్నాయో చూసుకోండి.

పైనొకటి, కిందొకటి చక్రాలుండే మెషిన్‌లో ఇంకో సౌకర్యం ఉంది. పై చక్రం వేగం పెంచితే బంతి ప్లేట్ దగ్గరకొచ్చి కిందికి దిగుతుంది, కింది చక్రం వేగం పెంచితే అంత దిగకుండా పైనే నిలుస్తుంది. మామూలు బంతిని నేరుగా కొట్టడం వచ్చిన పిల్లలకే ఇది చూపించండి.

4. బంతిని చూపించి వేయండి.

బ్యాటర్ కళ్ళు బంతి కంటే ముందు పిచర్ భుజాన్ని, నడుమును, మణికట్టును చదువుతాయి. మెషిన్‌కు ఇవేవీ లేవు. క్రికెట్‌లో బౌలింగ్ మెషిన్ మీద ఆస్ట్రేలియాలో జరిగిన పరిశోధనల్లోనూ ఇదే తేలింది: బౌలర్‌ను ఎదుర్కొనేటప్పుడు బ్యాటర్ అడుగు, బ్యాటు కదలిక ఒక తీరుగా ఉంటే, మెషిన్ ముందు ఇంకో తీరుగా మారిపోయాయి. 2004లో అమెరికా సాఫ్ట్‌బాల్ పిచర్ జెన్నీ ఫించ్ ఒక ప్రదర్శన మ్యాచ్‌లో ఆల్బర్ట్ పుహోల్స్, మైక్ పియాజా లాంటి బేస్‌బాల్ దిగ్గజాలను బంతి తగలనివ్వకుండా అవుట్ చేసింది. అంతకంటే వేగమైన బంతులను రోజూ కొట్టేవాళ్ళే వాళ్ళు. కానీ కింద నుంచి తిరిగి వచ్చే ఆ చేతిని చదవడం వాళ్ళ కళ్ళకు అలవాటు లేదు.

అందుకని బంతి అందించేవాళ్ళు బంతిని తలపైకెత్తి బ్యాటర్‌కు చూపించాలి, చెయ్యిని పిచర్ లాగే నెమ్మదిగా దించాలి, ఆ తర్వాతే మెషిన్‌లో వదలాలి. ప్రతి బంతికీ అదే లయ ఉండాలి. చెయ్యి దిగేటప్పుడు బ్యాటర్ బరువు వెనక్కాలి మీదికి పోవాలి, బంతి బయటికొచ్చేటప్పుడు ముందుకు అడుగు పడాలి. ఈ లయ లేకుండా కొడితే ప్రాక్టీసులో ఎంత బాగా తగిలినా మ్యాచ్‌లో పనికిరాదు.

5. మెషిన్‌లో సగం విలువ ఫీల్డింగ్‌లో ఉంది.

కోచ్ బ్యాటుతో కొట్టే ఫ్లై బాల్ ఒకసారి ముందు పడుతుంది, ఒకసారి వెనక పడుతుంది. క్యాచ్‌కు భయపడే పిల్లకు కావలసింది ఒకే ఎత్తులో, ఒకే చోటికి మళ్ళీ మళ్ళీ వచ్చే బంతి. మెషిన్ మూతిని పైకి లేపితే అది దొరుకుతుంది. బంతి 20 మీటర్ల ఎత్తుకు లేచి దిగడానికి సుమారు 4 సెకన్లు పడుతుంది. ఆ 4 సెకన్లలో కాళ్ళు ఎట్లా కదలాలో, గ్లోవ్ ఎప్పుడు తెరవాలో ఆ పిల్ల నిదానంగా నేర్చుకుంటుంది. పది బంతులు ఒకే చోటికి వేశాక, మూతిని కొద్దిగా తిప్పి కుడికి, ఎడమకు, వెనక్కి పరుగెత్తించండి.

మన నేలకు ఇంకో సంగతి ఉంది. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇక్కడ గాలి ఎంత బలంగా వీస్తుందో రామగిరి కొండల మీద తిరిగే గాలిమరలను చూస్తే చాలు. ఆ గాలికి ఎదురుగా వేసిన ఫ్లై బాల్ ముందే కూలిపోతుంది, గాలివాటున వేసినది తలమీదుగా దాటిపోతుంది. ఆ నెలల్లో ప్రాక్టీసు మానేయకండి. మెషిన్ ఒకే వేగంతో వేస్తుంది కాబట్టి బంతి మారితే గాలే మార్చిందని పిల్లలకు కళ్ళారా తెలుస్తుంది. ముందు గాలివాటున, తర్వాత గాలికి ఎదురుగా పది పది బంతులు వేయండి.

గ్రౌండ్ బాల్స్ కోసం మూతిని కిందికి వంచేముందు నేల మీది గులకరాళ్ళన్నీ ఏరించండి. రాయి తగిలి ఎగిరిన బంతి పెదవి చీలుస్తుంది, ఆ తర్వాత ఆ పిల్ల నెలల తరబడి తల పక్కకు తిప్పుకుంటూనే ఆడుతుంది.

6. భద్రతలో మొహమాటం వద్దు.

12 అంగుళాల చుట్టుకొలత, 180 గ్రాముల పైన బరువుండే గట్టి బంతి ఇది. బ్యాటర్‌కు, తర్వాతి వంతు కోసం నిలబడ్డ పిల్లకు, బంతి అందించేవాళ్ళకు హెల్మెట్ ఉండాలి. బంతి అందించేవాళ్ళ ముందు వల తెర తప్పనిసరి. చక్రాలు తిరుగుతుండగా చెయ్యి దగ్గరికి పోనివ్వకండి. జడలు, చున్నీలు గట్టిగా ముడిచి కట్టించండి. బంతి ఇరుక్కుంటే ముందు ప్లగ్ పీకాలి. చిన్న పిల్లలను బంతి అందించే పనికి పెట్టకండి.

7. కరెంటును నమ్ముకుని టైంటేబుల్ వేయకండి.

కరెంటు పోయిన సాయంత్రం ప్రాక్టీసు పోకూడదు. వల వెనక కూర్చుని ఐదారు మీటర్ల దూరం నుంచి కింద నుంచి మెల్లగా బంతి వేసినా బ్యాటు దారి సరిచేయవచ్చు. పాత రబ్బరు గొట్టాన్ని నడుమెత్తు కర్రకు తొడిగితే బంతి నిలబెట్టే టీ తయారవుతుంది. క్రికెట్ దిగ్గజం డాన్ బ్రాడ్‌మన్ చిన్నప్పుడు బౌరల్‌లో తన ఇంటి నీళ్ళ ట్యాంకు దిమ్మెకు గోల్ఫ్ బంతి కొట్టి, తిరిగొచ్చే దాన్ని స్టంపుతో ఆడుతూ పెరిగాడు. ఎక్కువ బంతులు ఆడే దారి వెతుక్కుంటే పరికరం లేకపోయినా చూపు, చెయ్యి కుదురుతాయి.

8. పోటీలకు ముందు వారం మెషిన్ ఆపేయండి.

ఇన్నాళ్ళూ భుజం కాపాడుకున్న మీ పిచర్‌తో అప్పుడు బంతులు వేయించండి. మనిషి వేసే బంతి కొంచెం బయటికి పోతుంది, ఒక్కోసారి నేలకు తగులుతుంది. దేన్ని కొట్టాలో, దేన్ని వదిలేయాలో నేర్పేది ఆ తేడాయే. మెషిన్ ముందు ప్రతి బంతినీ కొట్టడానికి అలవాటుపడిన పిల్లలు చెడ్డ బంతులకూ బ్యాటు ఊపుతారు.

9. ఒక స్కూలు సొత్తుగా దాచుకోకండి.

విన్సెంట్ ఫెర్రర్ 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనంతపురంలో పల్లె పిల్లల కోసం క్రీడా గ్రామం కట్టింది. 2010లో అక్కడే రఫెల్ నాదల్ ఫౌండేషన్ టెన్నిస్ స్కూలు తెరుచుకుంది. కరువు నేలలోనూ మంచి సదుపాయం అందరికీ తెరిచి ఉంచితే పిల్లలు వస్తారని ఆ మైదానాలు చూపించాయి. మీ మెషిన్‌నూ అట్లాగే వాడండి. మండలంలో సాఫ్ట్‌బాల్ ఆడే స్కూళ్ళన్నీ నెలకు కొన్ని రోజుల చొప్పున పంచుకోండి. మెషిన్‌తో పాటు బంతుల సంచి, హెల్మెట్లు, ఆ నోటుబుక్కు కూడా పంపండి.

2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో సాఫ్ట్‌బాల్ మళ్ళీ ఉంది. మన పిల్లలు అంత దూరం వెళ్ళినా, జిల్లా పోటీల దగ్గరే ఆగినా, ఆడిన ప్రతి పిల్లకూ తన వంతు బంతులు అందాయని చెప్పగలగాలి. మీ నోటుబుక్కులో చివరి పేరు ఎదురుగా ఉన్న అంకె మొదటి పేరు ఎదురుగా ఉన్నదానితో సమానమైతే, ఆ మెషిన్ మీ చేతుల్లో సార్థకమైనట్టే.