స్థిరాస్తి క్రయవిక్రయములు: కొన్ని సందేహములు, సమాధానములు

“ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు” అన్న సామెత అందరికీ తెలిసినదే. ఇల్లు కట్టుటకు ముందు నేల కొనవలెను గదా! ఆ కష్టమును గూర్చి సామెత ఏమియు చెప్పలేదు. సామాన్య గృహస్థు జన్మలో ఒక్కసారి స్థలము కొనును. ఇరువది, ముప్పది ఏండ్ల పొదుపు ఒక్కనాటి సంతకముతో చేతులు మారును. మన కళాశాలలో చదువుకొను అనేకుల ఇండ్లలో దస్తావేజు చదివి పెద్దలకు వివరించు భారము ఆ విద్యార్థిపైననే పడుచున్నది. కావున ఈ విషయము న్యాయశాస్త్ర విద్యార్థులకే పరిమితము కాదు.

మా మేనమామగారు పొరుగువారి వద్ద రెండువందల గజముల స్థలము కొనిరి. అమ్మిన వ్యక్తికి అది తండ్రి వలన సంక్రమించినది. ఇ.సి. నిర్మలముగా నున్నది. రిజిస్ట్రేషను సక్రమముగా జరిగినది. రెండు గదులు లేచిన పిమ్మట, అమ్మిన వ్యక్తి చెల్లెండ్రిద్దరు వచ్చి, “అన్నగారు మమ్ము అడుగలేదు, మా భాగమేది?” అనిరి. మామగారికి కోపము వచ్చినది. కాని వకీలుగారు కాగితములు చూచి, “న్యాయము వారి పక్షముననే యున్నది” అని చెప్పిరి. ఇది ఎట్లు సంభవించెనో క్రింది సమాధానముల వలన తెలియగలదు.

మొదట పదములను గూర్చి ఒక మాట. ఈ రంగమున ఉర్దూ, తెలుగు భాషలు ఏనాడో కలిసిపోయినవి. దస్తావేజు, రసీదు, వారసుడు, పహాణీ, బయానా అను మాటలను తెలుగు రైతు తనవిగానే వాడుచున్నాడు. అయితే ఒక్క చోట జాగ్రత్త వహింపవలెను. ఉర్దూలో ‘కబ్జా’ అనగా కేవలము స్వాధీనము. నేటి తెలుగు వాడుకలో అది అక్రమ ఆక్రమణ. ఒకే మాటను ఇరువురు రెండర్థములలో వాడినచో తగవునకు అదియే నాంది.

1. అగ్రిమెంటు వ్రాసికొని బయానా ఇచ్చినంతనే ఆస్తి మనదగునా?

కాదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టము 54వ సెక్షను ప్రకారము, నూరు రూపాయలు లేక అంతకు మించిన విలువగల స్థిరాస్తి విక్రయము రిజిస్టరు దస్తావేజు మూలముననే జరుగవలెను. అగ్రిమెంటు వలన ఆస్తిలో హక్కు పుట్టదు. విక్రయము జరిపించుమని కోరు హక్కు మాత్రమే కలుగును. అమ్మువాడు మాట తప్పినచో దావా వేయుటకు గడువు మూడు సంవత్సరములు. అగ్రిమెంటులో తేదీ నిర్ణయించియున్న ఆ తేదీ నుండియు, లేనిచో అతడు నిరాకరించినట్లు తెలిసిననాటి నుండియు ఈ గడువు లెక్కింపబడును. బయానాగా 20,000 రూపాయలు గాని, అంతకు మించి గాని నగదు పుచ్చుకొనుటను ఆదాయపు పన్ను చట్టము నిషేధించుచున్నది. బ్యాంకు ద్వారా చెల్లించుట కొనువానికిని మేలు. అదియే సాక్ష్యముగా నిలుచును.

2. సాదా బైనామా, జి.పి.ఏ.లతో కొనవచ్చునా?

‘బై’ అనగా అమ్మకము, ‘నామా’ అనగా పత్రము. తెల్ల కాగితముపై వ్రాసిన బైనామా రిజిస్టరు కానందున యాజమాన్యమును బదిలీ చేయజాలదు. తెలంగాణ పల్లెలలో నమ్మకముపై ఇట్లు కొనిన రైతులెందరో కలరు. వ్యవసాయ భూముల విషయములో పాత బైనామాలను క్రమబద్ధము చేయుటకు 1971 నాటి పట్టాదారు పాసుపుస్తకముల చట్టము క్రింద అవకాశము కల్పింపబడినది. అది కొన్ని నియమములకు, గడువులకు లోబడినది. దానిని నమ్ముకొని నేడు క్రొత్తగా తెల్ల కాగితముపై కొనుట అవివేకము. ఇక జనరల్ పవరాఫ్ అటార్నీ అనునది ఒకరి తరఫున పని జరుపుటకు ఇచ్చు అధికారమే గాని అమ్మకము కాదని 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టము చేసినది.

3. కొనుటకు ముందు ఏమేమి చూడవలెను?

అసలు దస్తావేజు, దానికి పూర్వపు లింకు దస్తావేజులు, ఇంటి పన్ను రసీదులు, వ్యవసాయ భూమియైనచో పహాణీ లేక అడంగలు, పాసుపుస్తకము చూడవలెను. నకళ్ళతో తృప్తిపడరాదు. అసలు దస్తావేజు “ఎక్కడనో దాచితిమి” అన్నచో అది తాకట్టులో నుండవచ్చును. పిదప రిజిస్ట్రేషను చట్టము 22-ఎ సెక్షను క్రింది నిషేధిత జాబితాలో ఆ సర్వే నంబరు కలదేమో పరిశీలింపవలెను. పేదలకు ప్రభుత్వమిచ్చిన అసైన్డు భూముల అమ్మకమును 1977 నాటి చట్టము నిషేధించినది; ప్రభుత్వము సడలించిన మేరకు తప్ప అట్టి కొనుగోలు చెల్లదు. ఏజెన్సీ ప్రాంతములలో గిరిజనేతరులకు భూమి బదిలీ 1959 నాటి 1వ రెగ్యులేషను, 1970 నాటి దాని సవరణ ప్రకారము చెల్లదు. వక్ఫు ఆస్తిని అమ్ముటకు ముతవల్లీకి సైతము అధికారము లేదు.

4. ఇ.సి. నిర్మలముగా నున్నచో నిశ్చింతగా నుండవచ్చునా?

ఇదియే మా మామగారు చేసిన పొరపాటు. ఇ.సి. అనగా రిజిస్ట్రారు పుస్తకములకు ఎక్కిన వ్యవహారముల పట్టిక మాత్రమే. ఎక్కనిది అందులో కనబడదు. మరణము వలన వారసులకు సంక్రమించు హక్కు రిజిస్టరు కాదు. నోటిమాటతో జరిగిన హిబా, రిజిస్టరు కాని వీలునామా, దస్తావేజులను బ్యాంకులో ఉంచి చేసిన నమోదు కాని తాకట్టు, కోర్టులో నడుచు దావా అందులో కానరాకపోవచ్చును. దావాలోనున్న ఆస్తిని కొనువాడు తీర్పునకు బద్ధుడగును. “నాకు తెలియదు” అన్న మాట చెల్లదు. కావున ఇ.సి. చూచిన పిదప ఇరుగుపొరుగు వారిని విచారింపవలెను. “వీరి తండ్రికి సంతానమెందరు?” అన్న ఒక్క ప్రశ్న ఇ.సి. చెప్పలేని సంగతిని చెప్పును.

5. ఎవరెవరు సంతకము చేయవలెను?

హక్కుగలవారందరును. ముస్లిం ధర్మశాస్త్రము ప్రకారము తండ్రి మరణించిన క్షణముననే వారసులకు నిర్ణీత భాగములు సంక్రమించును. కుమారుని భాగము కుమార్తె భాగమునకు రెట్టింపు. పై వ్యవహారములో తల్లి అంతకు ముందే గతించినది. మిగిలినవారు ఒక అన్న, ఇద్దరు చెల్లెండ్రు. ఆస్తిని నాలుగు పాళ్ళు చేయగా అన్నకు రెండు, చెల్లెండ్రకు ఒక్కొక్కటి వచ్చును. అనగా అన్న అమ్మగలిగినది నూరు గజములే! తనకు లేని హక్కును ఎవ్వరును ఇతరులకు ఈయజాలరు.

హిందూ కుటుంబములలోను కుమార్తెలను విస్మరింపరాదు. పిత్రార్జితములో కుమార్తెకు సమాన హక్కును ఆంధ్రప్రదేశ్ సవరణ 1985లోను, కేంద్ర సవరణ 2005లోను కల్పించినవి. పెండ్లియైన ఆడపడుచు సంతకమును “అక్కరలేదు” అను మధ్యవర్తి మాట నమ్మరాదు.

మైనరుల విషయము మరింత సున్నితమైనది. హిందూ మైనరు ఆస్తిని సహజ సంరక్షకులు కోర్టు అనుమతి లేక అమ్మరాదు. ముస్లిం ధర్మశాస్త్రములో తల్లి బిడ్డను పెంచవచ్చును గాని, కోర్టు నియమించిననే తప్ప బిడ్డ ఆస్తికి ఆమె సంరక్షకురాలు కాదు. ఆమె చేసిన అమ్మకము చెల్లదని 1918లోనే ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది.

6. హిబాకు రిజిస్ట్రేషను తప్పనిసరియా?

దాత ప్రకటన, గ్రహీత అంగీకారము, స్వాధీనము అప్పగించుట అను మూడును జరిగినచో నోటిమాట హిబాయైనను చెల్లును. పిదప వ్రాసిన పత్రము రిజిస్టరు కానంత మాత్రమున హిబా చెడదని 2011లో హఫీజా బీబీ కేసులో సుప్రీంకోర్టు తెలిపినది. అయినను ఈ మూడింటిని ఏండ్లు గడచిన పిదప ఋజువు చేయుట కష్టము. వ్రాసి రిజిస్టరు చేయించుటయే వివేకము.

7. రిజిస్ట్రేషను ఎచ్చట, ఎప్పుడు?

దస్తావేజుపై సంతకమైన నాలుగు మాసములలోగా దాఖలు చేయవలెను. తప్పనిసరి కారణమున ఆలస్యమైనచో జరిమానాతో మరి నాలుగు మాసముల వరకు అవకాశము కలదు. వేరు ఒడంబడిక లేనిచో స్టాంపు ఖర్చు కొనువానిదే. అమ్మకము తేదీ వరకు గల పన్నుల బాకీ అమ్మువానిది. తెలంగాణలో వ్యవసాయ భూముల రిజిస్ట్రేషను 2020 నుండి తహశీల్దారు కార్యాలయములో జరుగుచున్నది. 2025లో ధరణి స్థానమున భూభారతి వచ్చినది. ఇతర ఆస్తులకు సబ్ రిజిస్ట్రారు కార్యాలయమే. పిదప మ్యుటేషను, అనగా రికార్డులలో పేరు మార్పు, చేయించుకొనవలెను. మ్యుటేషను పన్ను వసూలుకు ఆధారమే గాని, దానంతటది యాజమాన్యము నీయదు.

మా మామగారి కథ యెట్లు ముగిసినదని మీరడుగవచ్చును. ఆయన కోర్టుకు పోలేదు. చెల్లెండ్రకు వారి భాగముల వెల మరల చెల్లించి, హక్కు విడుదల దస్తావేజు వ్రాయించుకొనిరి. అందుకై అత్తగారి నగలు అమ్ముడుపోయినవి. అన్న వద్ద నుండి ఆ సొమ్ము నేటికిని రాలేదు. కొనుటకు ముందు వకీలుకు చూపుమని ఎవరో చెప్పగా, ఫీజు దండుగ యని ఆయన తలచిరట.

విద్యార్థులారా! మీ ఇంట స్థలము మాట వచ్చిన నాడు కాగితమును మొదటి అక్షరము నుండి చదువుడు. అమ్మువాని కుటుంబములో ఎందరు కలరో లెక్కింపుడు. ఆ లెక్కలో ఆడబిడ్డలను మరువకుడు. అది మీ సొమ్మును కాపాడుటయే గాక, నోరులేని వారి హక్కును గూడ కాపాడును.