పాత అంబాసిడర్ క్రోమ్ బంపర్ సొట్ట తీయాలంటే... 12 చిట్కాలు

పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపారా ఫ్యాక్టరీలో అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయింది. ఇంకా ఇంటి ముందు ఆ కారు ఉంచుకున్నవాళ్లకు దాని అసలు బంపర్ విలువైన వస్తువే. సొట్ట పడిందనో, తుప్పు చుక్కలు వచ్చాయనో పాత ఇనుము కింద తూకానికి వేయకండి. రేకు గట్టిగా ఉంటే బాగుచేయించుకోవచ్చు. ముందు రేకు, ఆ తర్వాతే మెరుపు. ఈ వరస తప్పితే పెట్టిన డబ్బంతా వృథా అవుతుంది. పాత జీపులు, లారీల క్రోమ్ బంపర్లకూ ఇదే పద్ధతి.

1. పూత సంగతి తెలుసుకోండి. ఉక్కు మీద సాధారణంగా రాగి, దానిపైన నికెల్, అన్నిటికీ పైన క్రోమియం ఉంటాయి. ఆ క్రోమియం పొర మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు కూడా ఉండదు. గట్టిదే కానీ పెళుసు. ఉక్కు వంగితే అది చిట్లుతుంది. కాబట్టి లోతైన సొట్ట తీయిస్తే మళ్లీ ప్లేటింగ్ ఖర్చు ఉంటుందని ముందే లెక్క వేసుకోండి.

2. బంపర్ విప్పాకే పని మొదలుపెట్టండి. కారుకు ఉండగా కొడితే ఆ దెబ్బ బ్రాకెట్ల మీద, చాసిస్ మీద పడుతుంది. పట్టేసిన బోల్టులకు తుప్పు వదిలించే నూనె కొట్టి, రాత్రంతా వదిలేయండి. విప్పేముందు ఫోన్‌లో ఫొటోలు తీసుకుంటే బిగించేటప్పుడు తికమక ఉండదు.

3. బ్రాకెట్లు కూడా చూడండి. బంపర్ ఓ పక్కకి వాలినట్టు కనిపిస్తే, తప్పు చాలాసార్లు వెనకున్న బ్రాకెట్‌దే. దాన్ని సరిచేయకుండా బంపర్‌ను వంచితే రెండూ పాడవుతాయి.

4. అట్టతో కొలత తీసుకోండి. సొట్ట లేని సగం మీద మందపాటి అట్ట పెట్టి, వంపు గీసి కత్తిరించండి. దాన్నే తిరగేస్తే రెండో సగానికి కొలతవుతుంది. కంటి అంచనా కన్నా ఇది నమ్మకం.

5. వెనకవైపు శుభ్రం చేయండి. మట్టి, తుప్పు వైరు బ్రష్‌తో రాల్చి, స్క్రూడ్రైవర్ మొనతో పొడిచి చూడండి. మొన దిగబడితే అక్కడ రేకు తినేసినట్టే. ఆ చోట కొత్త ముక్క వేయించాలి.

6. పెద్ద వంపును జాకీతో తీయాలి. రెండు చివర్లకూ ఆనింపు ఇచ్చి, జాకీకీ బంపర్‌కూ మధ్య గట్టి చెక్క దిమ్మ పెట్టి, నెమ్మదిగా నొక్కాలి. ఉక్కు కొంత వెనక్కి వస్తుంది కాబట్టి అసలు వంపు కన్నా ఒక్క రవ్వ ఎక్కువ వంచి వదలాలి. జారితే ప్రమాదం, ఎదురుగా ఎవరూ నిలబడకూడదు.

7. సొట్టను వెనక నుంచి, అంచు నుంచి కొట్టాలి. ముందువైపు ఇసుక మూట మీద ఆనించి, గుండ్రటి తల సుత్తితో చిన్న చిన్న దెబ్బలు వేయాలి. సొట్ట అంచుల్లో మొదలై మధ్యకు చేరాలి. ఒకేచోట గట్టిగా బాదితే రేకు సాగి, గుంట ఉన్నచోట బొడిపె లేస్తుంది.

8. క్రోమ్ మీద గ్యాస్ మంట వద్దు. పూత నీలంగా, గోధుమగా మారిపోతుంది. క్రోమ్ మీదే వెల్డింగ్ చేస్తే వచ్చే పొగలో క్యాన్సర్ కారకమైన క్రోమియం రూపం ఉంటుంది. మీ మేస్త్రీ ఊపిరితిత్తులు మీ బంపర్ కన్నా విలువైనవి.

9. పగులుంటే ముందు పూత తీయించండి. ప్లేటింగ్ షాపులో పాత క్రోమ్, నికెల్ తీయించాకే వెల్డింగ్ పెట్టించి, పైభాగం సమంగా అరగదీయించాలి. పూత తీయడానికి ఇంట్లో యాసిడ్ వాడకండి.

10. ఎత్తుపల్లాలు మార్కర్‌తో పట్టుకోండి. మళ్లీ ప్లేటింగ్ చేయించే భాగమంతా మార్కర్ సిరా పూసి, ఆకురాయితో తేలిగ్గా ఒకసారి లాగండి. సిరా పోయినచోట ఎత్తు, మిగిలినచోట పల్లం. క్రోమ్ ఎక్కాక చిన్న అల కూడా వెలుగులో కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

11. ప్లేటింగ్‌కు ఇచ్చేదానికి పుట్టీ పెట్టించకండి. మామూలు పుట్టీలో కరెంటు పారదు, దాని మీద పూత పట్టదు. సన్నని గుంటలుంటే రాగి పొర మందంగా ఎక్కించి బఫింగ్ చేయమని అడగండి. నికెల్ సరిగా వేస్తారో లేదో కూడా అడిగి తెలుసుకోండి. మెరుపులో ఎక్కువ భాగం, తుప్పు నుంచి కాపుదల ఆ నికెల్ వల్లే. రంగు మాత్రమే వేయించేట్టయితే పుట్టీ పర్వాలేదు.

12. మిగిలినదాన్ని కాపాడుకోండి. పైపై తుప్పు చుక్కలకు వంటింటి అల్యూమినియం ఫాయిల్ ఉండచుట్టి, నీళ్లలో తడిపి, మెల్లగా రుద్దండి. అల్యూమినియం క్రోమ్ కన్నా మెత్తన. గరుకు ఎమరీ కాగితం మాత్రం తగలనివ్వకండి. తుడిచి ఆరాక వ్యాక్స్ పూయండి. బంపర్ వెనకవైపు రెడాక్సైడ్, దానిపై రంగు వేయించండి. విశాఖ, కాకినాడ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో వెనకభాగాన్ని కూడా తరచూ మంచినీళ్లతో కడగాలి.

చివరిగా ఒక మాట. టింకరింగ్ మేస్త్రీని సాయంత్రానికల్లా ఇచ్చేయమని తొందరపెట్టకండి. బంపర్‌ను కారుకు బిగించి, వంపు రెండు పక్కలా సరిపోయిందని మీ కళ్లతో చూసుకున్నాకే ప్లేటింగ్‌కు పంపండి. క్రోమ్ ఎక్కాక దిద్దుకోవాలంటే మొత్తం పని మళ్లీ మొదటికొస్తుంది.