మనస్సుకు తగిలిన గాయం – మాటలతో చికిత్స

మన ఉర్దూ శాఖ మిత్రులు తీవ్రమైన మనోవేదనను ‘సద్మా’ అంటారు. అరబ్బీ మూలంలో ఆ మాటకు ఢీకొనుట అని అర్థం. వైద్యులు వాడే ‘ట్రామా’ గ్రీకు పదం. దాని అర్థం గాయం. తెలుగులో మాత్రం అత్యాచారాన్ని చాలాకాలం ‘మానభంగం’ అన్నాము. నేరం ఒకడిది, భంగం మరొకరిదా? చికిత్స మొదట ఎదుర్కొనవలసింది ఈ భావననే.

1974లో ఆన్ బర్జెస్, లిండా హోమ్‌స్ట్రామ్ అనే ఇద్దరు విదుషీమణులు, అమెరికాలోని బోస్టన్ నగర ఆసుపత్రికి వచ్చిన బాధితురాండ్రతో మాట్లాడి, భయం, పీడకలలు, నిద్రలేమి మొదలైన లక్షణాలను వర్ణించారు. 1980లో అమెరికా మనోవైద్యుల సంఘం ‘ఆఘాతానంతర ఒత్తిడి రుగ్మత’ను తన రోగ పట్టికలో చేర్చింది. అందుకు వియత్నాం యుద్ధ సైనికుల బాధ ముఖ్య కారణమైనది. రణరంగానికి లభించిన గుర్తింపు ఇంటి నాలుగు గోడలకు లభించడానికి అంత సులభం కాలేదు.

పాట్రీషియా రెసిక్ అనే మనస్తత్వవేత్త రూపొందించిన చికిత్సా పద్ధతి ఇప్పుడు అనేక దేశాలలో అమలులో ఉన్నది. సాధారణంగా 12 సమావేశాలు. జరిగిన సంఘటన తన జీవితానికి ఏ అర్థాన్నిచ్చిందో బాధితురాలు మొదట వ్రాస్తుంది. ‘తప్పు నాదే’, ‘ఇక ఎవరినీ నమ్మరాదు’ వంటి వాక్యాలు అందులో బయటపడతాయి. చికిత్సకురాలు వాటిని ఖండించదు, ప్రశ్నిస్తుంది. ‘కేక వేయలేదు కనుక నేను అంగీకరించినట్లే’ అని ఒకరు నమ్మినారనుకొందాము. ప్రాణభయం కలిగినపుడు శరీరం కొయ్యబారి, గొంతు పెగలకపోవడం అసంకల్పిత చర్య అని ఆమెకు తెలియాలి. పారిపోవడానికి దారి ఉన్నదా, ఆ క్షణాన ఆమెకు ఏమి తెలుసు అని ఒక్కొక్కటే విచారించగా, నేరభారం మెల్లగా చేసినవాడి మీదికి చేరుతుంది. జ్ఞాపకం పోదు. అది పగలు, రాత్రి మీదపడే భూతం కాకుండా గతంగా మారుతుంది.

ఇది చదువుకున్న ధనికులకే అన్న సందేహానికి కాంగో దేశం సమాధానమిచ్చింది. 2013లో ప్రచురితమైన పరిశోధనలో, అక్కడి గ్రామాలలో 157 మంది స్త్రీలకు ఈ చికిత్సను ప్రధానంగా బృందాలుగా చేశారు. 248 మందికి వ్యక్తిగత ఆదరణ మాత్రమే లభించింది. చదువురాని వారి కోసం వ్రాతపనిని సులభం చేశారు. ఆరు నెలల తరువాత కుంగుబాటు, ఆందోళన లక్షణాలు చికిత్స పొందినవారిలో 9 శాతానికి, రెండవ వర్గంలో 42 శాతానికి ఉన్నట్లు తేలింది. కొందరు చివరి పరీక్షల వరకు నిలువలేదన్నది కూడా చెప్పుకోవలసిన విషయమే.

బాధితులలో పురుషులు, బాలురు కూడా ఉంటారు. వారి మౌనం మరింత లోతైనది.

మిత్రులెవరైనా మీతో చెప్పుకొన్నపుడు ‘అక్కడికి ఎందుకు వెళ్ళావు?’ అని అడుగవద్దు. వినండి, చెప్పుమని బలవంతపెట్టకండి. హైదరాబాదులో 2016లో ఆరంభమైన ‘భరోసా’ కేంద్రం పోలీసు, వైద్య, న్యాయ, మనోసహాయాలను ఒకే చోట సమకూర్చింది. భారతీయ నాగరిక సురక్షా సంహిత 397వ విభాగం ప్రకారం ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ అత్యాచార బాధితులకు వెంటనే ఉచిత చికిత్స చేయవలెను. మాట్లాడదలచినవారికి 2022లో ప్రారంభమైన టెలి మానస్ సంఖ్య 14416, రుసుము లేదు.